రహస్య సైనిక విమానాలు – విమాన రాకపోకల నియంత్రణ

విమాన రాకపోకల నియంత్రణ అనేది ఆకాశంలో ఎగిరే విమానాలు ఒకదానినొకటి ఢీకొనకుండా, క్రమపద్ధతిలో నడిచేటట్లు నేల మీద నుండి పర్యవేక్షించే వ్యవస్థ. దీనినే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ లేదా క్లుప్తంగా ఏటీసీ అంటారు. ఈ పనిచేసే ఉద్యోగిని నియంత్రకుడు (కంట్రోలర్) అంటారు. ఏ విమానం ఎక్కడ ఉన్నది, ఎంత ఎత్తులో ఉన్నది, ఎటు పోతున్నది అన్న మూడు విషయాలు తెలిస్తేనే నియంత్రకుడు తన పని చేయగలడు. సైన్యం రహస్యంగా నడిపే విమానాల విషయంలో ఈ మూడింటిలో ఒకటో రెండో, ఒక్కొక్కసారి మూడూ దాచబడతాయి. దేశరక్షణకు గోప్యత అవసరం. ప్రయాణికుల ప్రాణరక్షణకు సమాచారం అవసరం. ఈ రెండు అవసరాల మధ్య ఏర్పడిన పద్ధతులు, వాటి చరిత్ర, అవి విఫలమైన సందర్భాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఈ విషయం తెలుగువారికి దూరమైనదేమీ కాదు. బెంగళూరు (దేవనహళ్ళి), హైదరాబాదు (శంషాబాదు) విమానాశ్రయాలను పటం మీద ఒక సరళరేఖతో కలిపితే, ఆ రేఖ దాదాపు అనంతపురం జిల్లా తాడిపత్రి మీదుగా పోతుంది. తాడిపత్రికి ఉత్తరాన కర్నూలు జిల్లాలోనూ, పడమట కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలోనూ రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఓ) పరీక్షా క్షేత్రాలు ఉన్నాయి. పౌర విమానాలు, సైనిక ప్రయోగాలు ఇరుగుపొరుగున సాగే ఆకాశం ఇది.

నియంత్రకునికి విమానం కనిపించే విధానం

నియంత్రకుడు సాధారణంగా విమానాన్ని కంటితో చూడడు, రాడార్ తెర మీద చూస్తాడు. రాడార్లు రెండు రకాలు.

ప్రాథమిక రాడార్: ఇది రేడియో తరంగాలను పంపి, విమానం లోహశరీరాన్ని తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని గ్రహిస్తుంది. తెర మీద ఒక చుక్క మాత్రమే కనిపిస్తుంది. పౌర నియంత్రణలో వాడే ప్రాథమిక రాడార్‌తో విమానం దిశ, దూరం తెలుస్తాయి కాని, ఎత్తు తెలియదు, పేరు తెలియదు.

ద్వితీయ రాడార్: ఇది విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరాన్ని ప్రశ్నిస్తుంది. ఆ పరికరం నాలుగంకెల సంకేతాన్ని, ఎత్తును తెలుపుతూ బదులిస్తుంది. తెర మీద చుక్క పక్కన విమానం పేరు, ఎత్తు, వేగం కనిపిస్తాయి.

రెండు విమానాల మధ్య నిలువుగా కనీసం 1,000 అడుగులు (సుమారు 300 మీటర్లు), లేదా రాడార్ ఉన్నచోట అడ్డంగా సాధారణంగా 5 నాటికల్ మైళ్ళు (సుమారు 9 కి.మీ.) ఎడం ఉండేటట్లు నియంత్రకుడు చూస్తాడు. సైనిక విమానం ట్రాన్స్‌పాండర్‌ను ఆపివేస్తే ద్వితీయ రాడార్‌కు అది లేనట్లే లెక్క. ప్రాథమిక రాడార్ పరిధిలో ఉంటే పేరులేని చుక్కగా మిగులుతుంది. స్టెల్త్ విమానమైతే ఆ చుక్క కూడా కనిపించకపోవచ్చు. విమానాలు పరస్పరం హెచ్చరించుకొనే టీకాస్ పరికరం కూడా ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్ మీదనే ఆధారపడి పనిచేస్తుంది. కాబట్టి ట్రాన్స్‌పాండర్ ఆగిపోతే నియంత్రకునితోపాటు పౌర విమాన చోదకుడు కూడా చూపు కోల్పోయినట్లే అవుతుంది.

అంతర్జాతీయ చట్టం

1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం పౌర విమానాలకు మాత్రమే వర్తిస్తుంది. సైన్యం, సుంకాల శాఖ, పోలీసు సేవలలో ఉన్న విమానాలను ఈ ఒప్పందపు 3వ అధికరణం ప్రభుత్వ విమానాలుగా పరిగణించి, దాని పరిధి నుండి తప్పించింది. అయితే ప్రతి దేశం తన ప్రభుత్వ విమానాలకు నిబంధనలు చేసేటప్పుడు పౌర విమానాల భద్రతను తగినవిధంగా దృష్టిలో ఉంచుకోవాలని అదే అధికరణం విధించింది. సముద్రాల మీద అంతర్జాతీయ గగనతలంలో సైనిక విమానం ఏ నియంత్రకునికీ చెప్పకుండా ఎగరడం చట్టవిరుద్ధం కాదు. కాని అలా ఎగిరేటప్పుడు ఇతర విమానాలను తప్పించే బాధ్యత పూర్తిగా ఆ సైనిక విమానానిదే.

చరిత్ర

యు-2

అమెరికా గూఢచారి విమానం యు-2 తొలిసారి 1955 ఆగస్టులో నెవాడా ఎడారిలోని గ్రూమ్ లేక్ వద్ద ఎగిరింది. ఇది సుమారు 70,000 అడుగుల ఎత్తుకు పోగలదు. ఆనాటి ప్రయాణికుల విమానాలు ఎక్కువగా 10,000 నుండి 20,000 అడుగుల మధ్య ఎగిరేవి. మనిషి నడిపే విమానం 60,000 అడుగులు దాటగలదని చాలామంది ఊహించలేదు. సాయంసంధ్యలో కింద చీకటి పడిన తరువాత కూడా పైన ఉన్న యు-2 రెక్కలు సూర్యకాంతిలో మెరిసేవి. పౌర విమాన చోదకులు వాటిని చూచి నియంత్రకులకు తెలిపేవారు. నియంత్రకుల వద్ద దానికి సమాధానం ఉండేది కాదు. 1950ల చివర, 1960లలో అమెరికాలో వచ్చిన 'గుర్తుతెలియని ఎగిరే వస్తువుల' కథనాలలో సగానికి పైగా ఇటువంటి గూఢచర్య విమానాలవేనని 1997లో ప్రచురితమైన సీఐఏ అధ్యయనం పేర్కొన్నది. ఈ అంచనాను కొందరు పరిశోధకులు అంగీకరించలేదు.

ఏ-12, ఎస్ఆర్-71

యు-2 తరువాత సీఐఏ 'ఆక్స్‌కార్ట్' అనే గుప్తనామంతో ఏ-12 విమానాన్ని తయారుచేయించింది. ఇది 1962 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరింది. ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోయే ఈ విమానాన్ని రాడార్ నుండి పూర్తిగా దాచడం సాధ్యం కాదు. అందువలన పౌర విమానయాన సంస్థ అధిపతి నజీబ్ హలబీకి ముందుగానే విషయం తెలిపి, ఎంపికచేసిన కొందరు నియంత్రకులకు రహస్యం తెలుసుకొనే అనుమతి ఇచ్చారు. గ్రూమ్ లేక్ చుట్టూ నిషిద్ధ గగనతలాన్ని విస్తరించారు. అసాధారణమైన వేగంతో, ఎత్తులో పోయే విమానం ఎవరికైనా కనిపిస్తే రేడియోలో ప్రస్తావించకుండా లిఖితపూర్వకంగా మాత్రమే తెలుపాలని మిగిలిన నియంత్రకులకు సూచించారు. రేడియోలో పలికిన మాటను ఎవరైనా వినగలరన్నదే దీనికి కారణం.

దీని తరువాతి రూపమైన ఎస్ఆర్-71 మొదటిసారి 1964 డిసెంబరు 22న ఎగిరింది. 1976 జూలై 28న గంటకు సుమారు 3,530 కి.మీ. వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. దీనిని నడిపిన బ్రయన్ షుల్ చెప్పిన ఒక సంఘటన విమానయాన వర్గాలలో బాగా ప్రచారంలో ఉంది. ఒక చిన్న విమానం లాస్ ఏంజెలెస్ నియంత్రకుని తన వేగం అడిగింది. సమాధానం 90 నాట్లు. మరొకదానికి 125, నౌకాదళ యుద్ధవిమానానికి 620 నాట్లు అని అదే స్వరంతో చెప్పాడు. చివరకు ఎస్ఆర్-71 అడిగితే 1,842 నాట్లు (గంటకు సుమారు 3,400 కి.మీ.) అని అంతే నిదానంగా బదులిచ్చాడు. కథనంలో కొంత సరసం ఉన్నా, నియంత్రకుని వృత్తిధర్మం ఇందులో కనిపిస్తుంది. విమానం ఎవరిది, ఎందుకు వచ్చింది అన్నది అతనికి అప్రస్తుతం.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. 80,000 అడుగుల ఎత్తులో ఎస్ఆర్-71కు ఎదురువచ్చే ప్రయాణికుల విమానం ఏదీ లేదు. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గాలిలో ఇంధనం నింపుకొనేటప్పుడు మాత్రం అది పౌర విమానాలు ఎగిరే ఎత్తులలోకి రావలసి వచ్చేది. ఎంత రహస్యమైన విమానమైనా బయలుదేరడం, దిగడం తప్పదు గనుక నియంత్రకునితో పని తప్పదు.

ఎఫ్-117

తొలి స్టెల్త్ యుద్ధవిమానం ఎఫ్-117 1981 జూన్ 18న ఎగిరినా, 1988 నవంబరు 10 వరకు అమెరికా ప్రభుత్వం దాని ఉనికిని అంగీకరించలేదు. అంతవరకు అది నెవాడాలోని టోనోపా నుండి రాత్రివేళ మాత్రమే ఎగిరేది. 1986 జూలై 11న కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ సమీపంలో ఒక ఎఫ్-117 కూలి చోదకుడు మరణించాడు. సైన్యం ఆ ప్రదేశాన్ని మూసివేసి, కూలినది ఏ రకం విమానమో చెప్పలేదు.

భారతదేశంలో

మన దేశంలో పౌర విమానాల నియంత్రణను 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిర్వహిస్తుంది. వాయుసేన, నౌకాదళ స్థావరాలలో ఆయా దళాల నియంత్రకులే ఉంటారు. దేశ గగనతలం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అనే నాలుగు ప్రధాన విమాన సమాచార ప్రాంతాలుగా విభజించబడింది. తాడిపత్రితో సహా రాయలసీమ ఆకాశం చెన్నై ప్రాంతంలోనిది.

1962 చైనా యుద్ధం తరువాత సరిహద్దుల చిత్రాలు తీయడానికి అమెరికా యు-2 విమానాలను భారత గగనతలంలోకి ప్రధాని నెహ్రూ అనుమతించారు. 1963 జూన్ 3న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ మధ్య జరిగిన సమావేశంలో ఒడిషాలోని కటక్ సమీపాన ఉన్న చార్బతియా స్థావరం వాడుకకు అంగీకారం కుదిరింది. 1964 మేలో యు-2 అక్కడి నుండి ఎగిరింది. అదే నెల 27న నెహ్రూ మరణించడంతో కార్యక్రమం నిలిచింది. 1967 జూలైలో ఆ స్థావరంలో యు-2 దళాన్ని మూసివేశారు. ఈ వివరాలు 2013లో సీఐఏ విడుదలచేసిన పత్రాల ద్వారా విస్తృతంగా వెలుగులోకి వచ్చాయి. అంటే దాదాపు అర్ధ శతాబ్దం ఈ విషయం మరుగున ఉండిపోయింది.

భారత వాయుసేన స్వయంగా మిగ్-25 నిఘా విమానాలను 1981 నుండి 2006 వరకు ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ నుండి నడిపింది. ధ్వనికి రెండున్నర రెట్లకు మించిన వేగంతో, 20 కి.మీ. పైబడిన ఎత్తులో ఇవి ఎగిరేవి. నౌకాదళపు సుదూర నిఘా విమానం టియు-142 1988 నుండి 2017 మార్చి 29 వరకు సేవలందించింది. అటువంటి విమానం ఒకటి 2017 డిసెంబరు నుండి విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉంది. ఒకప్పుడు ఎవరికీ తెలియకుండా సముద్రంపై తిరిగిన విమానంలోకి నేడు టిక్కెట్టు కొని వెళ్ళవచ్చు.

అనంతపురం పీఠభూమి, పరిసరాలు

దేశంలో వర్షపాతం అతి తక్కువగా ఉన్న జిల్లాలలో అనంతపురం ఒకటి. రైతుకు శాపమైన ఈ మేఘరహిత ఆకాశం విమాన పరీక్షలకు అనుకూలం. జనసాంద్రత తక్కువగా ఉన్న విశాలమైన మెట్టభూములు కూడా ఇందుకు తోడ్పడతాయి.

తాడిపత్రికి పడమరగా, సుమారు 160 కి.మీ. దూరంలో చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె సమీపాన డీఆర్‌డీఓ ఏరోనాటికల్ టెస్ట్ రేంజ్ ఉంది. 2016 నవంబరులో రుస్తుం-2 (తరువాతి పేరు తపస్) మానవరహిత విమానం ఇక్కడ తొలిసారి ఎగిరింది. 2022 జూలై 1న తోక లేని, రెక్క ఆకారంలో ఉన్న స్వయంచాలిత స్టెల్త్ నమూనా విమానాన్ని ఇక్కడే పరీక్షించారు. 2023 జూన్ 16న ఇక్కడి నుండి బయలుదేరిన తపస్ విమానాన్ని కార్వార్ తీరానికి దూరంగా ఉన్న ఐఎన్ఎస్ సుభద్ర నౌక 40 నిమిషాలపాటు తన ఆధీనంలోకి తీసుకొని నడిపింది. ఆ ప్రయాణం 20,000 అడుగుల ఎత్తులో మూడున్నర గంటలు సాగింది. ప్రయాణికుల విమానాలు కూడా తిరిగే ఎత్తు ఇది. మానవరహిత విమానంలో కిటికీ లోంచి చూచి పక్కకు తప్పుకొనే చోదకుడు ఉండడు. అందుచేత దానికి ప్రత్యేకంగా గగనతలం కేటాయించడం తప్పనిసరి అవుతుంది. 2019 సెప్టెంబరు 17న, 2023 ఆగస్టు 20న ఈ రకం విమానాలు చిత్రదుర్గ జిల్లా పొలాలలో కూలాయి.

ఈ క్షేత్రానికి 4,000 ఎకరాలకు పైగా గడ్డిభూములు కేటాయించినప్పుడు, తరతరాలుగా పశువులను మేపుకొనే గ్రామస్థుల అభ్యంతరాలు జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్ళాయి. గోప్యత వెల ఆకాశంలోనే కాక నేల మీద కూడా ఉంటుందని ఇది తెలుపుతుంది.

తాడిపత్రికి ఉత్తరాన, కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో డీఆర్‌డీఓకు చెందిన నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ ఆయుధంతో చిన్న మానవరహిత విమానాలను కూల్చే ప్రయోగం చేశారు. అదే మండలంలో 2021 మార్చిలో పౌర విమానాశ్రయం కూడా ప్రారంభమైంది. ఆయుధ పరీక్షా క్షేత్రం, పౌర విమానాశ్రయం ఒకే మండలంలో ఉన్నప్పుడు రెండింటి మధ్య వేళల సమన్వయం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

విశాఖపట్నం

విశాఖపట్నంలో పౌర విమానాలు దశాబ్దాలపాటు నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద నుండే నడిచాయి. టెర్మినల్ భవనం పౌర సంస్థది, రన్‌వే, నియంత్రణ నౌకాదళానివి. నౌకాదళ విన్యాసాల వేళల్లో పౌర విమానాలకు సమయాలు పరిమితమయ్యేవి. భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రహస్య విమానం కాకపోయినా, సైనిక విమానం రాడార్‌కు దూరమైతే ఏమవుతుందో 2016 జూలై 22న తెలిసింది. చెన్నై తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు. విమానం ఎడమకు తిరిగి 23,000 అడుగుల నుండి వేగంగా దిగిపోవడం రాడార్ మీద కనిపించిన చివరి దృశ్యం. ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కి.మీ. దూరంలో 3,400 మీటర్ల లోతున శకలాల చిత్రాలు లభించాయని ప్రభుత్వం ప్రకటించింది. అంతవరకు ఆ కుటుంబాలకు మిగిలింది రాడార్ తెర మీది ఆ చివరి గుర్తు ఒక్కటే.

ప్రమాదాలు, గుణపాఠాలు

కొరియన్ ఎయిర్‌లైన్స్ 007: 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించిన ఈ విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చింది. 269 మంది మరణించారు. అంతకు కొంతసేపటి క్రితం అదే ప్రాంతంలో అమెరికా ఆర్‌సీ-135 గూఢచారి విమానం తిరిగినందున, ఇదీ అదేనని సోవియట్ దళాలు భ్రమపడ్డాయి. రహస్య విమానం క్షేమంగా తిరిగిపోయింది, దాని నీడ ప్రయాణికుల విమానం మీద పడింది. ఈ దుర్ఘటన అనంతరం పౌర విమానాలపై ఆయుధ ప్రయోగం చేయరాదన్న 3 బిస్ అధికరణాన్ని 1984లో చికాగో ఒప్పందానికి చేర్చారు. జీపీఎస్‌ను పౌరుల వాడకానికి ఇవ్వనున్నట్లు అమెరికా ప్రకటించింది కూడా ఈ సందర్భంలోనే.

ఇరాన్ ఎయిర్ 655: 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఈ విమానాన్ని యుద్ధవిమానంగా పొరబడి కూల్చింది. 290 మంది మరణించారు. విమానం నియంత్రకునితో మాట్లాడుతూనే ఉన్నది. ఆ సంభాషణను వినే ఏర్పాటు నౌకలో లేదు.

చర్ఖీ దాద్రీ: 1996 నవంబరు 12న హర్యానాలో సౌదీ, కజకిస్తాన్ విమానాలు గాలిలో ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానం అనుమతించిన 15,000 అడుగులకు దిగువకు రావడం ప్రధాన కారణం. అయితే ఢిల్లీ చుట్టూ అధిక భాగం గగనతలం వాయుసేన కింద ఉండడం వలన, వచ్చే విమానాలూ పోయే విమానాలూ ఒకే దారిలో నడిచేవి. అక్కడ నాడు ద్వితీయ రాడార్ పనిచేయడం లేదు. కజక్ విమానం ఎంత కిందికి దిగిందో నియంత్రకునికి తెర మీద తెలిసే వీలు లేదు. తరువాత రాకపోకలకు వేరు వేరు దారులు ఏర్పరచి, భారత గగనతలంలో విమానాలకు టీకాస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు.

బాల్టిక్ ప్రాంతం: 2014 మార్చి 3న స్వీడన్‌లోని మాల్మో సమీపంలో ట్రాన్స్‌పాండర్ ఆపివేసిన రష్యా ఐఎల్-20 నిఘా విమానం, కోపెన్‌హాగన్ నుండి రోమ్ వెళ్ళే ప్రయాణికుల విమానానికి ప్రమాదకరంగా దగ్గరైంది. వాతావరణం నిర్మలంగా ఉండి, చోదకులు కంటితో చూడగలిగినందున పెద్ద ప్రమాదం తప్పింది.

ప్రస్తుత పద్ధతులు

నోటామ్: సైనిక ప్రయోగాలు, క్షిపణి పరీక్షలు, శ్రీహరికోట రాకెట్ ప్రయోగాలకు ముందు విమాన చోదకులకు నోటామ్ అనే ప్రకటన విడుదలవుతుంది. అందులో ప్రాంతపు హద్దులు, ఎత్తు, వేళలు ఉంటాయి. లోపల ఏమి జరుగుతుందో ఉండనవసరం లేదు.

వాయురక్షణ అనుమతి: భారత గగనతలంలో ఎగరదలచిన విమానాలు ముందుగా వాయురక్షణ అనుమతి సంఖ్య పొందాలి. దీనితో వాయుసేన తన రాడార్ మీది చుక్కలను ప్రయాణ ప్రణాళికలతో సరిపోల్చుకుంటుంది. అయితే అనుమతులు మాత్రమే చాలవని 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఏఎన్-26 విమానం నుండి ఆయుధాలు జారవిడిచిన ఉదంతం చూపింది. ఆ విమానాన్ని కొద్ది రోజుల తరువాత తిరుగు ప్రయాణంలో ముంబైలో బలవంతంగా దించారు.

గగనతలపు సరళ వినియోగం: గగనతలాన్ని శాశ్వతంగా సైన్యానికో, పౌరులకో విడదీయక, వేళలను బట్టి పంచుకొనే విధానాన్ని భారతదేశం 2014లో ప్రారంభించింది. దేశ గగనతలంలో 60 శాతం మాత్రమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నదని, ఆంక్షలు సడలిస్తే ఏటా సుమారు 1,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని 2020 మేలో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు. చుట్టుదారి తప్పితే ఇంధనం, ప్రయాణకాలం రెండూ తగ్గుతాయి.

సంయుక్త విభాగాలు: పౌర నియంత్రణ కేంద్రాలలో సైనిక అనుసంధాన విభాగాలు పనిచేస్తాయి. సైనిక విమానం వివరాలు చెప్పకపోయినా, ఫలానా ఎత్తుల మధ్య ఫలానా వేళ వరకు ఇతర విమానాలను పంపవద్దని కోరవచ్చు. నియంత్రకుడు ఆ పరిధిని మూసి, మిగిలిన విమానాలను పక్కదారిన పంపుతాడు.

గోప్యతకు హద్దు

పై అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. సైనిక విమానం విషయంలో 'ఏమిటి', 'ఎందుకు' అన్న ప్రశ్నలకు సమాధానం దాచవచ్చు. 'ఎక్కడ', 'ఎప్పుడు', 'ఎంత ఎత్తులో' అన్న వాటికి సమాధానం నియంత్రకునికి అందాలి, లేదా ఆ గగనతలాన్ని ముందుగా ఖాళీ చేయించాలి. ఆక్స్‌కార్ట్ విమానాల విషయంలో అమెరికా పాటించినది, చళ్ళకెరె, శ్రీహరికోట ప్రయోగాలకు భారతదేశం పాటించేది ఈ సూత్రాన్నే. ఈ కనీస సమాచారం కూడా అందని చోట ముప్పు తొలుత చేరేది ప్రయాణికుల విమానాలకే. నియంత్రకునికి రహస్యం తెలియనవసరం లేదు. ఆ రహస్యం ఆకాశంలో ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలిస్తే చాలు.